పుస్తకం లెక్కనా, మన లెక్కనా?

రోజూ డైరీ రాయడానికి కూర్చున్నప్పుడు ముందు నిన్నటి పేజీ చదువుతాను. తర్వాతే కలం మూత తీస్తాను. టీచరు కొలువులో చేరిన కొత్తలో బెల్లంపల్లిలో ఉండగా పడిన అలవాటు ఇది. నిన్న కాలనీలో నల్లా పైపు పగిలిందని రాసి ఉంటే, ఇవాళ అది బాగయిందో లేదో రాయబుద్ధవుతుంది. నిన్న పక్కింటాయనకు జ్వరమని రాసి ఉంటే, తగ్గిందా అని వెళ్లి అడగాలనిపిస్తుంది. చదవకుండా రాసిన రోజుల పేజీల్లో ఎండ, వాన, ఇంట్లో వండిన కూర తప్ప ఏమీ దొరకవు.

ఈ పద్ధతి నా బల్ల దగ్గరే ఉండిపోయేది. రిటైరయ్యాక ఒక వానాకాలం అది మా ఊరి బడిలో నల్లబల్ల మీదికి వెళ్లింది. ఎలా వెళ్లిందో చెప్పాలంటే ముందు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి.

మా ఊరు మెట్‌పల్లికి దగ్గర. ప్రాథమిక పాఠశాలలో రెండు, మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. వాళ్లకు ఒకే టీచరు. నిర్మల్ ఊరి పిల్ల, మెట్‌పల్లిలో గది తీసుకొని బస్సులో వచ్చి పోతుంది. పెళ్లి కాలేదు. ఊరంతా ‘మేడం’ అంటుంది కాబట్టి నేనూ మేడం అనే రాస్తాను. టీ తాగి ఖాళీగా కూర్చోవడం చేతకాక, ఆమెను అడిగి, పొద్దున్నే వెళ్లి వెనక వరసలో కూర్చునేవాణ్ణి. ఎవరికి ఏది తెలియకపోతే అది చెప్పేవాణ్ణి. పిల్లలు నాకు ‘తాత సార్’ అని పేరు పెట్టారు.

మేడం పని దొంగ కాదు. గోడకు తను గీసుకున్న టైంటేబుల్ చార్టు ఉండేది. పొద్దున చదవడం ఆకుపచ్చ రంగులో, మధ్యాహ్నం రాయడం ఎర్ర రంగులో. పొద్దున పిల్లలంతా గొంతు కలిపి పాఠం చదివేవారు. ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. అన్నం తిన్నాక అదే పాఠంలో కొన్ని వరసలు చూసి రాసేవారు. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న మూడో తరగతి పిల్లవాడు పుస్తకంలో ఒక అక్షరం చూసి, ఒక అక్షరం రాసి, మళ్లీ తల తిప్పి ఇంకో అక్షరం చూస్తున్నాడు. అరపేజీ నిండింది. “ఏం రాసినవ్ రా?” అన్నాను.

“రాసిన సార్. చదువలే.”

“చదువు మరి.”

వాడు నన్ను వింతగా చూశాడు. “చదువుడు పొద్దుగాల గద సార్!”

ఆ సాయంత్రం డైరీలో ఈ మాట రాసి కింద గీత గీశాను. వాడు తప్పు చెప్పలేదు. చార్టులో ఉన్నదే చెప్పాడు.

ఇక ఆ అమ్మాయి. నాలుగో తరగతి. గదిలో అందరికంటే ముత్యాల్లాంటి చేతిరాత. చూసి రాయమంటే చాలు, అచ్చు వేసినట్టు ఉండేది. అందరూ కలిసి చదివేటప్పుడు పెదాలు కదిలేవి. ఒక్కదాన్నే చదవమంటే మాత్రం లేచి నిలబడి కిటికీ చూసేది. దాని తమ్ముడు అదే గదిలో రెండో తరగతి. వాడికి ఎప్పుడూ నోరు మూతపడదు. తండ్రి మస్కట్‌లో. తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది.

వానలు పడుతున్న ఒక పొద్దున ఆ తల్లి కొంగు తల మీద కప్పుకొని వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

“మేడం, మా పిల్ల టీసీ రాసియ్యుండ్రి.”

మేడం పుస్తకం మూసింది. “ఏమైందక్కా? లోపలికి రా, కూసో.”

“కూసుండుడు కాదు మేడం. నిన్న మెట్‌పల్లిల ప్రైవేటు బడికి తోల్కపోయిన. సదివిపిచ్చి చూసిండ్రు. పిల్లకు సదువుడే వస్తలేదన్నరు. రెండోదాంట్లనైతే ఏసుకుంటరట.”

“నాలుగోది చదివే పిల్లను రెండోదాంట్లనా?”

“దీని బాపు రోజు ఫోన్ జేసుడే, ఏసినవా, ఏసినవా అని. ఈ ఏడు దీన్ని, పై ఏడు వాన్ని అనుకున్నం. ఏం జెప్పాలె నేను ఆయనకు?”

గదిలో అందరికీ వినబడింది. ముందు వరస నుంచి తమ్ముడు వెనక్కి తిరిగాడు.

“అంటె నువ్వు గూడ రెండోదేనా? ఇగ నిన్ను అక్క అననుపో. పేరు వెట్టి పిలుస్త!”

గది గొల్లుమంది. అమ్మాయి తల వంచి రెండు చేతుల మధ్య పెట్టుకుంది. వాళ్లమ్మ “నోర్ముయ్‌రా” అంది గానీ, ఆమె గొంతులో కోపం కంటే పరేషానే ఎక్కువ వినిపించింది.

మేడం బయటికి వెళ్లి ఆమె చేయి పట్టుకుంది. “దసరా దాక ఆగక్కా. సెలవులకు ముందు మల్ల తోల్కపో. అప్పుడు గూడ గట్లనే అంటె టీసీ నేనే రాసిస్త.”

“దసరా దాక ఆగితె వస్తదా మేడం?”

మేడం నా వైపు చూసింది. నేనూ లేచి వెళ్లాను. “ఆ బడి సారు ఏమన్నడో జర సరిగ్గ జెప్పు బిడ్డా.”

“ఏమో సార్. ఇది సదివినట్లే సదివింది. ఆయననేమో, ‘పుస్తకంల ఉన్నది చదువుతలేదు, లేనిది చదువుతుంది’ అన్నడు.”

లేనిది చదవడం! ఇన్నేళ్ల కొలువులో చదవలేని పిల్లలను చూశాను గానీ, ఈ మాట వినలేదు. రెండో తరగతికి పోతే ఆ పిల్ల ఏమవుతుందో తమ్ముడి ఒక్క మాటతోనే తెలిసిపోయింది. దసరా దాకా గడువు దొరికింది, అంతే.

అన్నాలయ్యాక అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టుకున్నాను. పుస్తకం తీసి ఒక పాఠం చూపించాను. అందులో ఇలా ఉంది: ‘రైతు ఉదయాన్నే పొలానికి వెళ్ళాడు. సాయంత్రం ఇంటికి వచ్చాడు.’

అది వేలు పెట్టి మెల్లగా చదివింది. “రైతు పొద్దుగాల పొలానికి పోయిండు. మాపటికి ఇంటికి వచ్చిండు.”

పాఠం విని విని గుర్తు పెట్టుకొని చెబుతోందేమోనని అనుమానం వచ్చింది. అందుకని సుద్దముక్క తీసుకొని గచ్చు మీద, ఏ పుస్తకంలోనూ లేని మాటలు రాశాను: ‘నిన్న మేడం గొడుగు మరచిపోయారు. తడుస్తూ బస్సు ఎక్కారు.’

చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి. “నిన్న మేడం గొడుగు మర్శిపోయింది. తడుసుకుంట బస్సెక్కింది.” అని తల ఎత్తి, “నిజంగనే మర్శిపోయిందా సార్?” అని అడిగింది.

చదివింది అర్థం కాని పిల్ల ఆ మాట అడగదు. కళ్లు పుస్తకం మాటను చదువుతున్నాయి. నోరు ఇంటి మాట చెబుతోంది. ‘ఉదయాన్నే’ అన్న అక్షరాలు తెలియకపోతే ‘పొద్దుగాల’ ఎక్కడి నుంచి వస్తుంది?

“గిట్ల ఎందుకు చదువుతున్నవ్ బిడ్డా? ‘మరచిపోయారు’ అని ఉన్నది గద.”

“ఇంటికాడ మా అవ్వకు గట్లనే చెప్పాలె సార్. మందుల చిట్టి మీద, రేషన్ దుకాణం కాడ ఏం రాసిండ్రో సదివి చెప్పుమంటది. ఉన్నది ఉన్నట్టు సదివితె, ‘సక్కగ చెప్పవే’ అంటది.”

అప్పుడర్థమయింది. ఇంట్లో రోజూ ఈ పిల్ల చదివి చెబితేనే వాళ్లవ్వకు, అంటే తల్లికి, పని నడుస్తోంది. అది చదువు కింద లెక్క అని తల్లికీ తెలియదు, పిల్లకూ తెలియదు.

“గొడుగు సంగతి నువ్వు రాయి మరి,” అని సుద్దముక్క చేతికిచ్చాను. తీసుకుంది. గచ్చు మీద చేయి ఆనించి అట్లాగే కూర్చుంది. ముత్యాల్లాంటి చేతిరాత ఉన్న పిల్ల ఒక్క అక్షరం రాయలేదు.

“ఏమైంది?”

“ఎట్ల రాయాలె సార్? మనం మాట్లాడేది గద ఇది. పుస్తకంల లేదు.”

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు మేడానికి ఇదంతా చెప్పాను. చెప్పి, నా డైరీ అలవాటు కూడా చెప్పాను. నిన్నటిది చదివితే ఇవాళ్టిది రాయడానికి చేయి దానంతటదే లేస్తుందని, పిల్లలతో అలా చేయించి చూద్దామని. రోజుకు ఒకటే మాట, అంటే ఒక్క వాక్యం. పిల్లలు చెప్పాలి, మేడం నల్లబల్ల మీద రాయాలి, వాళ్లు చదివి రాసుకోవాలి. మర్నాడు వచ్చీ రాగానే నిన్నటి మాట చదివి, అప్పుడు కొత్తది.

“వాళ్ల మాట ఉన్నదున్నట్టు రాయాల్నా సార్? ‘పోయిండు, వచ్చిండు’ అని బల్ల మీద రాస్తె పైనుంచి వచ్చినోళ్లు నన్నంటరు.”

“వస్తే నా దిక్కు చూపెట్టు. రిటైరయినోన్ని, నన్నేం జేస్తరు?”

ఆమె నవ్వింది. బస్సు ఎక్కుతూ మెట్టు మీద ఆగి, “మరి చార్టు?” అంది. మర్నాడు వెళ్లేసరికి చార్టు గోడ మీదే ఉంది గానీ, ఎర్ర గడికీ ఆకుపచ్చ గడికీ మధ్య గీతను తెల్ల కాగితం అంటించి కప్పేసింది.

మేడం టేబుల్ మీద తన ఊరి నుంచి తెచ్చుకున్న కొయ్య జామకాయ ఒకటి ఉండేది. నిర్మల్ రంగులద్దిన కాయ. నిజంగా చెట్టు నుంచి తెంపినట్టే ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే ఆ రోజు మాట వాళ్లది అని నిర్ణయించింది. మొదటి రోజు కాయ వరసగా చేతులు మారుతూ వచ్చింది. తమ్ముడి దగ్గరికి రాగానే వాడు వాసన చూశాడు, ఒకసారి అటూ ఇటూ చూశాడు, కటుక్కున కొరికాడు.

“అవ్వో, నా పన్ను!”

గది ఆగమాగం అయింది. ఒకడు వాడి నోట్లో చూస్తున్నాడు, ఒకతి కాయ మీద పళ్ల గుర్తులు వెతుకుతోంది. మేడం కాయ లాక్కొని, నవ్వు ఆపుకొంటూ ఎవరి చేతిలోనో పెట్టింది. చూస్తే అది వెనక వరసలో ఉన్న అక్క చేయి. అందరూ అటు తిరిగారు. అమ్మాయి లేచి నిలబడింది. ఈసారి కిటికీ చూడలేదు, తమ్ముణ్ణి చూసింది.

“మా తమ్ముడు కొయ్య జామకాయ కొరికిండు.”

గదిలో దాని గొంతు ఒక్కటే వినడం అదే మొదలు. మేడం రాయడం మొదలుపెట్టింది. ‘కొరికి’ దాకా రాసి సుద్దముక్క ఆపి నా వైపు చూసింది. తర్వాత ‘ండు’ రాసేసింది.

ఆ మాటను చదవలేనివారు గదిలో లేరు. అందరూ రాసుకున్నారు. మర్నాడు వచ్చీ రాగానే మళ్లీ చదివారు, ‘కొరికిండు’ దగ్గర గొంతు పెంచి.

“తుడిపియ్యుండ్రి మేడం!” అన్నాడు తమ్ముడు.

“నువ్వు చదివినంక తుడుస్త.”

రెండో తరగతి వాడు. ఇంకా గుణింతాలు కూడబలుక్కునే వాడు. తన బండారం తానే వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివాడు, ఎక్కడైనా తప్పుంటే పట్టుకోవచ్చుననే ఆశతో. తప్పు దొరకలేదు. అప్పుడు మేడం ఆ మాట తుడిచేయకుండా దాని కింద ‘కొరికాడు’ అని రాసింది. “పైది మన మాట. కిందిది పుస్తకం మాట. రెండిట్ల సంగతి ఒకటే.”

“కిందిది టీవీల లెక్క ఉన్నది మేడం,” అని ఒకతి కిసుక్కున నవ్వింది.

అట్లా మొదలైంది. తర్వాత రోజుల్లో బల్ల మీద ఎన్ని రకాల మాటలు పడ్డాయో. కోడి పొదిగిన సంగతి, మక్కజొన్న చేన్లో అడవిపందులు పడిన సంగతి, ఎవరి మామనో గల్ఫ్ నుంచి సెంటు సీసా తెచ్చిన సంగతి. నిన్నటి మాట చదివాక ‘తర్వాత ఏమైంది’ అని పిల్లలే అడిగేవారు. కోడి సంగతి రాసిన పిల్ల మర్నాడు గుడ్లు చిట్లాయని రాయాల్సి వచ్చింది. ఆ మర్నాడు ఒక కోడిపిల్లను పిల్లి ఎత్తుకుపోయిందని రాయాల్సి వచ్చింది. దానికి ఎవరూ రాయమని చెప్పలేదు.

అమ్మాయి మాత్రం నెమ్మదిగానే కదిలింది. మొదట బల్ల మీది మాట రాసుకుని, కింద తన మాట ఒకటి రాసేది. రాసి చేత్తో మూసుకునేది. “ఇట్ల రాయొచ్చా సార్?” అని గుసగుసగా అడిగేది. రాయొచ్చు అనేవాణ్ణి. తర్వాత రెండు మాటలు. తర్వాత చేయి మూసుకోవడం మానేసింది.

అన్నీ సాఫీగా జరగలేదు. ఒకరోజు దాని రాతలో ‘మా మామ దుబాయ్ నుంచి వచ్చిండాడు’ అని కనిపించింది. మర్నాడు ఇంకో నలుగురు ‘పోయిండాడు’, ‘తిన్నిండాడు’ అని రాశారు. మేడం నా ముందు నోట్సు పడేసి తల పట్టుకుంది. “చూసిండ్రా సార్? ఉన్నది గూడ పోయింది. దసరా దగ్గరికొచ్చె.” నాకూ లోపల ఫికరే. పుస్తకం దగ్గరికి తీసుకుపోదామంటే పిల్లలు దారి మధ్యలో ఇల్లు కట్టుకున్నారు.

ఏం చేయాలో తోచక, నిన్నటి మాట చదివే వేళకు ‘వచ్చిండాడు’నే బల్ల మీద పెట్టమన్నాను. పిల్లలు చదివారు. చదువుతూ ఆగారు. మళ్లీ చదివారు. నవ్వు మొదలైంది.

“ఎవరంటరు గిట్ల?” అంది మేడం.

“ఎవ్వరనరు మేడం.” అమ్మాయే చెప్పింది, తను రాసిందే అయినా. “ఇది మనది గాదు, పుస్తకంది గాదు. రెండు గల్సినయి.”

లేచి వచ్చి పక్కపక్కన రెండు రాసింది. వచ్చిండు. వచ్చాడు. చెవి పట్టుకున్న తప్పును చేయి దిద్దింది. ఆ రోజు నుంచి పుస్తకం చదివేటప్పుడు అది ఒక్కోసారి ‘వచ్చిం’ దాకా వచ్చి, ఆగి, కళ్లు వెనక్కి తిప్పి, ‘వచ్చాడు’ అనేది. ఆగడం చూస్తే నాకు సంతోషంగా ఉండేది. ఆగిందంటే చూస్తున్నట్టే కదా.

తంగేడు పూలు పూసి, పిల్లల మాటలన్నీ బతుకమ్మ చుట్టూ తిరుగుతున్న వారంలో తల్లి దాన్ని మళ్లీ మెట్‌పల్లి తీసుకుపోయింది. ఆ పొద్దున మేడం ఏది చెబుతున్నా చూపు గేటు మీదే ఉంది. నేనూ అంతే. అన్నాల వేళ దాటాక తల్లీ కూతుళ్లు వచ్చారు. తల్లి చేతులకు బీడీ తంబాకు వాసన, ముఖాన చెమట. కూర్చోమంటే ఈసారి కూర్చుంది.

“పుస్తకం ఇచ్చిండ్రు సార్. ఇది పుస్తకం దిక్కు చూసింది, ఆ సారు దిక్కు చూసింది. ‘పుస్తకం లెక్క చదువాల్నా సార్, మన లెక్క చదువాల్నా?’ అన్నది. నా పానం ధస్సుమన్నది. ఇగ అయిపాయె అనుకున్న.”

“ఆయనేమన్నడు?” అంది మేడం.

“ముందుగాల ఆయనకు సమజ్ కాలే. ఇదేం జేసింది, ఒక్కసారి గట్ల, ఒక్కసారి గిట్ల, రెండు తీర్ల చదివి వినిపిచ్చింది. ఆయన నవ్విండు. ‘నీ సంగతి ఏదన్న రాయి’ అన్నడు. కూసోని అరపేజీ రాసింది. నాలుగోదాంట్ల ఏసుకుంటమన్నరు మేడం!”

మేడం అమ్మాయిని దగ్గరికి లాక్కుంది. కాసేపటికి ఆమె ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. “ఇక్కడనే ఉంచరాదక్కా? ఇప్పుడు మంచిగ చదువుతున్నది గద.”

తల్లి తల వంచుకొని కొంగు కొస మడిచింది. “మీరు మంచిగ చెప్పిండ్రు. కాదంటలేను. దీని బాపుకు మాటిచ్చిన మేడం. ఇంగ్లీషు గూడ రావాలంటడు.”

మేడం లేచింది. టీసీ పుస్తకం తీసింది. ఇస్తానని తనే చెప్పింది కదా.

సెలవులకు ముందు చివరి రోజు కొయ్య జామకాయ ఎవరికివ్వాలో మేడం అడగనే లేదు. పిల్లలే దాన్ని చేతులు మార్చి వెనక వరసకు పంపారు. దాని మీద పళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. అమ్మాయి తమ్ముడి దిక్కు చూసింది.

“నేను నాలుగోదాంట్లనే పోతున్న,” అంది. ‘నాలుగోదాంట్లనే’లో చివరి ‘నే’ని ఒత్తి పలికింది. మేడం సుద్దముక్క దాని చేతికే ఇచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాసింది.

సెలవులన్నీ ఆ మాట మూసిన గదిలో బల్ల మీద అలాగే ఉంది. బడి తెరిచిన పొద్దున నేను వెళ్లేసరికి దాని మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది. వెనక వరసలో ఒక చోటు ఖాళీ. మేడం హాజరు తీసుకొని, “నిన్నటి మాట ఎవరు చదువుతరు?” అంది. సెలవులకు ముందటిదయినా అది నిన్నటి మాటే.

ఎవరూ పిలవకముందే తమ్ముడు లేచాడు. వేలు పెట్టకుండానే చదివాడు. “నేను నాలుగోదాంట్లనే పోతున్న.”

“నువ్వు రెండోదేరా!” అని గదంతా నవ్వింది.

వాడికి ఉక్రోషం వచ్చింది. “నేను గాదు! అది నా మాట గాదు!”

“మరి ఎవరిది?” అంది మేడం. “ఆమె ఇక్కడ లేదు గద. ఆమె సంగతి మనం చెప్పాలంటె ఎట్ల రాయాలె?”

వాడు కాసేపు బల్ల చూశాడు. సుద్దముక్క తీసుకొని కాలి వేళ్ల మీద లేచి, దాని మాట కింద పెద్ద పెద్ద వంకర అక్షరాలతో రాశాడు. ‘మా అక నాలుగోదాంట్లకు పోయింది.’

వెనక్కి జరిగి నిలబడి, తను రాసింది తనే పైకి చదవడం మొదలుపెట్టాడు. “మా అక...” ఆగాడు. మళ్లీ చదివాడు. ముందుకు వెళ్లి, ‘క’ కింద వత్తు పెట్టాడు.